మామిడి పిందె బుటా: అతుకు కనబడకుండా పరచడం

ఒక్క బుటాను, అంటే గుడ్డ మీద విడివిడిగా పడే చిన్న బొమ్మను, అందంగా గీయడం చాలామందికి వచ్చు. దాన్ని 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) నిండా పరిచాక ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో కంటికి దొరకకూడదు. అసలు పని అదే. నేను దుపట్టాలకు, కుర్తా గుడ్డలకు డిజైన్లు చేస్తాను. ముందు అంచుల సంగతి తేల్చుకుని, మధ్యభాగాన్ని చివర్లో నింపుతాను. పెడనలో కలంకారీ అద్దకం వేసేవాళ్ల చెయ్యి చూడండి. చెక్క అచ్చును ముందు పడిన ముద్ర అంచుకు సరిగ్గా కలిపి వేస్తారు. కంప్యూటర్‌లోనూ ఆ శ్రద్ధే కావాలి.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఇంక్‌స్కేప్ ఉచితం కాబట్టి దానితోనే చెబుతాను. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీని 5.5 అంగుళాల చదరంగా పెట్టండి. గుడ్డ నిండా మళ్లీ మళ్లీ పరిచే ముక్క, అంటే టైల్, ఈ పేజీయే. ఈ కొలతకు రెండు కారణాలున్నాయి. పన్నాలో అడ్డంగా సరిగ్గా ఎనిమిది సార్లు పడుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 1650 పిక్సెల్స్ వస్తాయి, పూర్తి సంఖ్య. 14 సెంటీమీటర్లని పెట్టారనుకోండి, 1653.5 వస్తుంది. ఆ అర పిక్సెలే తర్వాత గుడ్డ మీద సన్నని గీతగా తేలొచ్చు.

పిందెను గీసి, ముక్కలన్నీ కంట్రోల్+జితో గ్రూప్ చేసి, అలైన్ ప్యానెల్‌తో పేజీకి నట్టనడుమ పెట్టండి. ఇక దీన్ని కదపొద్దు. ఆల్ట్+డి కొట్టి క్లోన్ (అసలుతో ముడిపడి ఉండే నకలు) తీయండి. మామూలు డూప్లికేట్ వద్దు. క్లోన్ అయితే రేపు అసలు పిందె రంగు మారిస్తే అన్నీ మారతాయి. షిఫ్ట్+కంట్రోల్+ఎం నొక్కి, ట్రాన్స్‌ఫార్మ్‌లో మూవ్ తెరిచి, రిలేటివ్ మూవ్‌కు టిక్ పెట్టి, క్లోన్‌ను ఎడమకు 2.75, పైకి 2.75 అంగుళాలు జరపండి. అది పై ఎడమ మూలకు చేరుతుంది. దానికో క్లోన్ తీసి కుడికి 5.5 జరపండి. ఆ రెండింటికీ క్లోన్లు తీసి కిందికి 5.5. నాలుగు మూలలూ నిండాయి. 'అప్లై టు ఈచ్ ఆబ్జెక్ట్ సెపరేట్లీ'కి టిక్ ఉంటే తీసేయండి. మౌస్‌తో లాగి 'దాదాపు సరిపోయింది' అనుకోవద్దు, అంకెలే వేయండి.

ఇలా పేర్చాక అన్నిటికన్నా బోసిగా ఉండేది నాలుగు అంచుల నడిమి చోటు. గుడ్డ మీద చారలుగా కనబడేవి ఈ ఖాళీలే. అక్కడ చిన్న పువ్వో, ఆకుల రెమ్మో పెట్టండి. ఎడమ అంచు మీద పెట్టినదానికి క్లోన్ తీసి కుడికి 5.5, పై అంచు మీద పెట్టినదానికి కిందికి 5.5. అంచు దాటిన చిన్న చుక్కకైనా ఇదే నియమం. ఆ తర్వాతే లోపలి సందులు నింపండి. గుడ్డ నేల రంగు (బ్యాక్‌గ్రౌండ్) దీర్ఘచతురస్రం పేజీకన్నా కొంచెం పెద్దదిగా అట్టడుగున ఉండాలి.

ఎక్స్‌పోర్ట్‌లో 'పేజీ' ఎంచుకుని 300 డీపీఐ వేసి, వెడల్పు 1650 చూపిస్తోందో లేదో చూడండి. అలా వచ్చిన పీఎన్‌జీ బొమ్మ ఫైల్‌ను కొత్త ఫైల్‌లోకి తెచ్చి, ఎడిట్, క్లోన్, క్రియేట్ టైల్డ్ క్లోన్స్‌తో నాలుగు వరుసలు, నాలుగు నిలువులు పరచండి. జూమ్ బాగా తగ్గించి, కళ్లు సగం మూసి చూడండి. గుంపులు, చాళ్లు అప్పుడే బయటపడతాయి. టైల్స్ మధ్య సన్నని తెల్ల గీత కనబడితే జూమ్ మార్చండి. మాయమైతే అది తెర మీది మాటే. ప్రతి జూమ్‌లోనూ ఉంటే అంకెల్లో తేడా ఉన్నట్టే.

అడోబీ వాళ్ల ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో 2012 నాటి సీఎస్6 వెర్షన్ నుంచి ఇదే పనికి ఆబ్జెక్ట్, ప్యాటర్న్, మేక్ ఉంది. 'బ్రిక్ బై కాలమ్' పెడితే పక్క నిలువు వరుస సగం కిందికి జారుతుంది. సులువే, కానీ ఒక్కసారైనా చేత్తో మూలలు పేర్చి చూడమంటాను. ఖాళీ ఎక్కడ పుడుతుందో కంటికి అలవాటవుతుంది.

ప్రింటర్‌కు ఫైల్ పంపేటప్పుడు 'రిపీట్ 5.5 అంగుళాలు, 300 డీపీఐ' అని తప్పక రాయండి. అక్కడ ఎవరైనా 72 డీపీఐగా తెరిస్తే ఒక్కో టైల్ దాదాపు 23 అంగుళాలకు సాగుతుంది.