పాత చైన్‌సా బాగుచేయడం: గాలి లీకు నుంచి ట్యూనింగ్ దాకా

పాత చైన్‌సా చేతికి రాగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా కార్బురేటర్ మీద పడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న మిషన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీళ్లు గట్టిపడి లోపలికి గాలి పీలుస్తుంటాయి. స్క్రూ తిప్పితే కాసేపు సర్దుకున్నట్టే ఉంటుంది. తీరా పెద్ద దుంగ మీద పెట్టాక పెట్రోలు చాలదు, అందులో కలిసి రావాల్సిన ఆయిలూ చాలదు, పిస్టన్ పట్టేస్తుంది. ట్యూనింగ్ అన్నిటికన్నా ఆఖర్న చేసే పని.

ముందు సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయి, లేదా ఆయిల్ తగ్గి కాలిందన్నమాట. కార్బురేటర్ వైపు మసగ్గా అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లింది. తర్వాత కంప్రెషన్ గేజీ బిగించి, రేస్ పూర్తిగా నొక్కిపట్టి, ముల్లు ఆగేదాకా తాడు లాగండి. 150 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. 110కి దిగితే రింగులు మార్చక తప్పదు. బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) అంటుకున్న పిస్టన్ అల్యూమినియం తీయడానికి యాసిడ్ వాడేవాళ్లున్నారు. క్రోమ్ పూత ఉన్న బోరును అది తినేస్తుంది. పాత మిషన్ల క్రాంక్‌కేసు చాలావరకు మెగ్నీషియం, దాని మీద యాసిడ్ చుక్క కూడా పడకూడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎగ్జాస్ట్‌నూ కార్బురేటర్ దారినీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, ఇంపల్స్ గొట్టం (క్రాంక్‌కేసు నుంచి కార్బురేటర్‌కు ఒత్తిడి తీసుకెళ్లేది) గుండా గాలి కొట్టండి. చేతి పంపు లేకుంటే బీపీ చూసే మిషన్ బల్బు, గేజీ సరిపోతాయి: 300 అంకె అంటే 0.4 బార్. సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడొస్తాయో చూడండి. ఒత్తిడి నిమిషం నిలిచిందని అక్కడితో ఆగకండి. సీలు పెదవి లోపలి ఒత్తిడికి బిగుసుకుంటుంది, వాక్యూమ్‌కు వదులవుతుంది. అందుకే 0.5 బార్ వాక్యూమ్ కూడా పెట్టి చూడాలి. లీకున్న సీలు తీసి దాని మీది మూడు కొలతలు (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం) రాసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే, కంపెనీ పేరు చెప్పకుండానే జత దొరికే అవకాశం ఎక్కువ. వైటాన్ (వేడినీ పెట్రోలునూ తట్టుకునే రబ్బరు) రకం అడిగి తీసుకోండి.

ఇగ్నిషన్‌కు ఎక్కువ సమయం పట్టదు. పాయింట్లున్న (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులున్న) మిషనైతే సన్నటి ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, పెట్రోలు గుడ్డతో తుడిచి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాపు 0.35 నుంచి 0.4 మి.మీ. ఉంచండి. కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య 0.3, ప్లగ్‌కు 0.5. పాయింట్ల దగ్గర నీలం మెరుపులు ఎక్కువగా వస్తుంటే కండెన్సర్ పోయినట్టు, 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉన్న పాత స్కూటర్ కండెన్సర్‌తో పని నడుస్తుంది. క్లచ్ విప్పేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి, చాలా మిషన్లకు అది ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. పిస్టన్ ఆపడానికి ప్లగ్ రంధ్రంలోకి తాడు దూర్చండి, ఇనుప ముక్క వద్దు.

కార్బురేటర్‌లో డయాఫ్రాలు (పెట్రోలు నడిపే పలచటి పొరలు) అట్టలా గట్టిపడి ఉంటాయి. రిపేర్ కిట్ వేయండి, పెట్రోలు గొట్టమూ మార్చండి. మీటరింగ్ వైపు (లివర్, సూది ఉండి పెట్రోలు కొలిచి వదిలే వైపు) ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రం. తారుమారైతే లివర్ ఎత్తు లెక్క తప్పుతుంది. టిలట్‌సన్ కంపెనీ హెచ్‌ఎల్, హెచ్‌ఎస్ కార్బురేటర్లలో లివర్ గది అడుగుతో సమానంగా ఉండాలి.

పెట్రోలు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, వానాకాలం తేమను పీల్చి అడుగున నీరుగా విడిపోతుంది, పైగా అదే స్క్రూ సెట్టింగులో మిక్చర్‌ను లీన్ చేస్తుంది. లీటరుకు 40 మి.లీ. జాసో ఎఫ్‌డీ గ్రేడు టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపండి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. ఆయిల్ పాళ్లు మారిస్తే ట్యూనింగ్ మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ఆయిల్ పెరిగినంత మేర పెట్రోలు తగ్గుతుంది.

ఇక స్క్రూలు. బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ బిగించి, ఫిల్టర్ శుభ్రం చేసి, కార్బురేటర్ మీది ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలు రెండింటినీ మెత్తగా మూసి ఒక్కో చుట్టు తెరవండి. గట్టిగా బిగిస్తే సూది మొన చెడుతుంది. రెండు మూడు నిమిషాలు కోసి వేడెక్కనివ్వండి. ఎల్‌ను అటూ ఇటూ తిప్పి ఐడ్లింగ్ ఎక్కడ అత్యధికమో పట్టుకుని, అక్కడినుంచి అరపావు చుట్టు తెరవండి. రేస్ ఇస్తే తడబడి ఆగబోతే ఇంకాస్త తెరవాలి. చైన్ కదలకుండా నిలిచేదాకా ఐడిల్ స్క్రూ తగ్గించండి.

హెచ్‌కు చెవి కావాలి. లోడు లేకుండా పూర్తి రేస్ ఇచ్చినప్పుడు గరగరమనే తెగిన మోత రావాలి. దుంగలోకి దిగగానే ఆ గరగర పోయి మోత నున్నగా సాగాలి. కోతలోనూ గరగర ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), హెచ్ కొద్దిగా మూయండి. లోడు లేనప్పుడే కీచుమంటూ నున్నగా ఉంటే లీన్, వెంటనే తెరవండి. పూర్తి రేస్ కొన్ని సెకన్లకు మించి పట్టకండి. రేస్ వదిలాక వేగం నెమ్మదిగా దిగినా, మిషన్ పక్కకు వంచితే ఐడ్లింగ్ మారినా స్క్రూలు వదిలి మళ్లీ గాలి పరీక్షకే వెళ్లండి.

హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే ఎండలో 40 డిగ్రీల పలచటి గాలికి కుదిర్చిన హెచ్, డిసెంబర్ పొద్దున చిక్కటి గాలికి లీన్ అవుతుంది. ఇక్కడ సెట్ చేసి కోస్తాకు తీసుకెళ్లినా అంతే. రెండు సందర్భాల్లోనూ కోతకు ముందు కాస్త తెరిచి చూసుకోండి.

పరీక్ష కోత టింబర్ డిపోలో కొన్న దుంగ మీదే పెట్టుకోండి, వీధి చెట్టు జోలికి వెళ్లొద్దు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. చైన్ బ్రేకు లేని పాత మిషనైతే బార్ మొన దేనికీ తగలనివ్వకండి, తగిలితే మిషన్ ఎగిరి మీదికే వస్తుంది.