మొదటి మైనింగ్ కంప్యూటర్‌కు విడిభాగాల ఎంపిక

క్రిప్టో నాణేల లావాదేవీలను కంప్యూటర్‌తో సరిచూసి, ప్రతిఫలంగా నాణేలు సంపాదించడమే మైనింగ్. దానికి భాగాల కంటే ముందు కరెంటు లెక్క చూసుకోవాలి. 300 వాట్లు లాగే యంత్రం నిరంతరం నడిస్తే రోజుకు 7.2 యూనిట్లు, 30 రోజులకు 216 యూనిట్లు ఖర్చవుతాయి. ఇంటి వాడకానికి ఇవి తోడైతే బిల్లు పై స్లాబుకు ఎగబాకుతుంది. బిట్‌కాయిన్‌కు ఆ ఒక్క పనికే తయారైన చిప్‌లుండే ఏసిక్ యంత్రాలే కావాలి, 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్‌కే స్వస్తి చెప్పింది. మిగిలిన చిన్న నాణేల రాబడి తరచూ కరెంటు ఖర్చుకే చాలదు కనుక, తర్వాత గేమింగ్‌కో వీడియో ఎడిటింగ్‌కో పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డునే ఎంచుకోవడం మేలు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట సెకండ్ హ్యాండ్ కార్డు దొరికితే, దాన్ని దుకాణంలోనే పూర్తి లోడు మీద కాసేపు నడిపించి, ఫ్యాన్ల చప్పుడు విని, ఉష్ణోగ్రత గమనించి, వారంటీ ఎంత మిగిలిందో బిల్లుతో సరిచూసుకున్నాకే బేరమాడాలి.

ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ చవకవైనా సరిపోతాయి. పిసినారితనం పనికిరానిది పవర్ సప్లై దగ్గరే. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నదాన్ని, అవసరానికి మించిన సామర్థ్యంతో తీసుకోవాలి. రైజర్ (కార్డును మదర్‌బోర్డుకు దూరంగా అమర్చేందుకు వాడే చిన్న బోర్డు, తీగ) వాడితే కార్డు దాని గుండా 75 వాట్ల దాకా లాగగలదు. పవర్ సప్లై నుంచి వచ్చే, డిస్కులకు వాడే సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద తట్టుకునేది 54 వాట్లే కాబట్టి రైజర్‌కు ఆరు పిన్నుల తీగనే తగిలించాలి. క్యాబినెట్ బదులు తెరిచిన ఫ్రేమ్ చాలు, మే నెల ఎండలకు గాలి ఆడటమే ముఖ్యం.