బోర్డుకు రిపోర్టు రాయడం, 4వ పాఠం: ‘తెలుసు సార్’ అంటే ఏం తెలిసినట్టు?

ఈసారి ఐక్యూ పరీక్షల గురించి చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. ఆ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి, జువెనైల్ జస్టిస్ బోర్డుకు (నేరం మోపబడిన పిల్లల కేసులు చూసే బోర్డు) రాస్తున్నట్టుగా మీరు పంపిన రిపోర్టులు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. ముందు ఈ గాయానికి కట్టు కట్టాలి.

కేసు గుర్తుంది కదా, మనం కల్పించుకున్నదే. 17 ఏళ్ళ అబ్బాయి. పదో తరగతి తప్పి హన్మకొండలో బైకు మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడు. ఒక రాత్రి ఇరవై దాటిన ఇద్దరు దోస్తులతో కలిసి కాజీపేట దగ్గర ఒకాయన బండి ఆపి, కత్తితో బాగా గాయపరిచి, ఫోను గుంజుకున్నాడని పోలీసుల మాట. భారతీయ న్యాయ సంహిత 311వ సెక్షన్ (దోపిడీలో ప్రాణాంతక ఆయుధం వాడటం, తీవ్రంగా గాయపరచడం) పెట్టారు. దానికి కనీస శిక్ష 7 ఏళ్ళు, పిల్లవాడికి 16 నిండాయి. అందుకే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద బోర్డు ప్రిలిమినరీ అసెస్‌మెంట్ చేయాలి. అంటే నేరం చేసే సామర్థ్యం, దాని ఫలితాన్ని గ్రహించే శక్తి వాడికి ఎంత ఉన్నాయో చూసి, పెద్దవాడిగా విచారించాలా వద్దా అని తేల్చడానికి వేసే తొలి అంచనా. ఆ పనిలో సాయం చేయమని మానసిక వైద్యులైన మిమ్మల్ని పిలిచింది.

మానసిక స్థితి పరీక్ష ఎలా చేయాలో నేను చెప్పను. ఓపీలో రోజూ చేసేదే.

అసలు చిక్కు ఆ ఓపీ అలవాటుతోనే వచ్చింది. సగానికి పైగా రిపోర్టుల్లో ఇంటర్వ్యూ ‘నువ్వేం చెప్పినా మన మధ్యనే ఉంటుంది’ అని మొదలైంది. ఎలా ఉంటుంది? మీరు రాసింది బోర్డు ముందుకు పోతుంది. బయటివాళ్ళకు అది రహస్యమే, బోర్డుకు కాదు. అక్కడ మీరు ఆ పిల్లవాడి డాక్టరు కాదు. నేనైతే ఇట్లా మొదలుపెడతాను: “నేను డాక్టర్నే గానీ ఇయ్యాల నీకు మందు రాయనీకి రాలే. నువ్వు చెప్పింది రాసి బోర్డుకు ఇస్త. మెజిస్ట్రేట్ సారు సదువుతరు. చెప్పుడు ఇష్టం లేకుంటే చెప్పకు, నేనేమన.” తర్వాత అదే మాట వాడి నోటితో తిరిగి చెప్పిస్తాను. ఒకసారి ఒక అబ్బాయిని అట్లా చెప్పమంటే, “మీరు మంచిగ రాస్తే నన్ను ఇడుస్తరు” అన్నాడు. అంటే నేను చెప్పింది ఒక్క ముక్క కూడా చేరలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

రెండో తప్పు చిన్నగా చెప్పి వదిలేస్తాను. ‘నేరం ఒప్పుకున్నాడు’ అని నలుగురు రాశారు. అదే చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్‌లో 10ఏ చూడండి. ఈ అసెస్‌మెంట్ జరుగుతున్నంతసేపూ పిల్లవాడు నిర్దోషి కిందే లెక్క. ఇది విచారణ కాదని 15వ సెక్షన్ వివరణలోనే ఉంది. నేను ఆ రాత్రి గురించి వాడిని అడగను, దానికి ముందు ఆరు నెలలు అడుగుతాను: షెడ్డు, ఇల్లు, దోస్తులు, రాత్రుళ్ళు ఎక్కడ ఉండేవాడు. మిగతాది, పిల్లవాడి నేపథ్యం విచారించే ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టులోంచి తీసుకుంటాను. ఇది నా పద్ధతి. వేరేగా చేసేవాళ్ళూ ఉన్నారు.

ఇక నాకు తిక్క పుట్టించిన సంగతి. దాదాపు అందరి రిపోర్టుల్లోనూ ఈ నాలుగు ముక్కలు ఉన్నాయి:

“కత్తితో పొడవడం తప్పని తెలుసా?” “తెలుసు సార్.” “పొడిస్తే ఏమవుతుంది?” “జైల్ల ఏస్తరు సార్.”

కింద ‘పర్యవసానాలను పూర్తిగా గ్రహించగలడు’ అని సంతకం. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి అడగండి, ఇవే జవాబులు చెప్తాడు. ఈ లెక్కన వాడికీ మీరు అదే వాక్యం రాయాలి.

మన భాషలో ‘తెలుసు’ అనే మాట చాలా పనులు చేస్తుంది. విన్నాను అన్నా తెలుసే, టీవీలో చూశాను అన్నా తెలుసే, ఇక అడగకండి అన్నా తెలుసే. పక్కన ‘సార్’ చేరిందంటే అది ఎక్కువగా ఆ చివరిదే. కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే హోమ్‌లో పది రోజులుగా కనిపించిన ప్రతి పెద్దమనిషికీ ‘తెలుసు సార్’ అని చెప్పి చెప్పి వాడికి నోటికొచ్చేసింది. పైగా మీరు అడిగింది ‘పర్యవసానాలు’! మెకానిక్ షెడ్డులో ఆ మాట ఎవరు వాడతారు?

2022 జులైలో సుప్రీంకోర్టు ఈ 15వ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు మీరు చదవాల్సిందే. మామూలు తెలివి ఉన్న పిల్లవాడికి తన పని ఫలితం బుద్ధికి తెలిసే ఉంటుంది, కానీ ఆ క్షణంలో తనను తాను పట్టుకోగలడా అనేది భావోద్వేగాల పరిణతిని బట్టి ఉంటుందని కోర్టు అంది. నేరం చేసే సామర్థ్యం వేరు, ఫలితాన్ని గ్రహించే శక్తి వేరు అని కూడా చెప్పింది. ఫలితమంటే కేవలం వెంటనే జరిగేది కాదు, ముందు ముందు జరిగేది కూడా చూడాలంది. మీ ‘జైల్ల ఏస్తరు’ వీటిలో దేనికి జవాబు?

మరి ఎలా అడగాలి? కేసుకు సంబంధం లేని కథతో. వాడి లోకంలోంచే తీయాలి. “మీ షెడ్డు కాడ ఒక పిల్లగాడు అడగకుండ గిరాకీ బండి తీస్కపోయి గుద్దిండనుకో. ఏమైతది?”

“మేస్త్రి తిడ్తడు.”

“ఇంకా?”

“పనిలకెల్లి తీసేస్తడు.”

“బండి ఎవలిదో ఆయనకు?”

ఇక్కడ చాలాసేపు మౌనం. ఆ మౌనాన్ని నింపకండి, గడియారం చూసి రాసుకోండి. “గదెట్ల ఎర్క సార్, ఆయన నాకు తెల్వదు గద.”

చూశారా? తనకేమవుతుందో రెండు మెట్లు చెప్పాడు, ఎదుటివాడి దగ్గరికి వచ్చేసరికి దారి లేదు. ఇప్పుడు అదే కథకు ఒక్క ముక్క కలపండి. “పక్కన దోస్తులు నిలబడి, భయమైతుందా రా అన్నరనుకో?” వాడు నవ్వుతాడు. “అప్పుడైతే ఇడువం సార్, ఇజ్జత్ పోతది.”

ఆ నవ్వుతో సహా రాయండి. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పే జవాబు, దోస్తులు చేరాక చెప్పే జవాబు వేరువేరుగా ఉండటం టీనేజీలో కొత్తేం కాదు. 2005లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన దోస్తులున్నప్పుడు టీనేజీ పిల్లలు ఎక్కువ ప్రమాదానికి తెగించారు. 24 దాటినవాళ్ళలో ఆ తేడా దాదాపు కనబడలేదు. కానీ దాన్ని రిపోర్టులో అతికించి ‘కాబట్టి ఈ అబ్బాయి కూడా’ అనకండి. ఈ అబ్బాయి గురించి చెప్పేది వాడి మాటే.

నేను పిల్లవాడి జవాబులు వాడి యాసలోనే, తెలుగు అక్షరాల్లో, పెన్సిల్‌తో రాసుకుంటాను. అక్కడికక్కడ ఇంగ్లీషులోకి తిప్పితే ‘ఇజ్జత్’ పోయి ఇంకేదో మిగులుతుంది. రిపోర్టు ఇంగ్లీషులో రాసినా వాడి ఆ మాటలు తెలుగులోనే ఉంచి, కింద అర్థం ఇస్తాను. ‘ఫలితం గ్రహించగలడు’ అనే బదులు ఇట్లా: ‘తనకు వెంటనే జరిగేది రెండు మెట్ల దాకా చెప్పగలిగాడు. ఎదుటి మనిషికి జరిగేది అడిగినా చెప్పలేకపోయాడు. దోస్తులు ఉన్నారని కథ మార్చగానే మొదటి జవాబును పక్కన పెట్టాడు.’ ఆగండి అక్కడ. ‘పెద్దవాడిగా విచారించాలి’ అని ఇద్దరు రాశారు. అది తేల్చేది బోర్డు.

ఒక్క పూటలో ముగించే పని కూడా కాదిది. పిల్లవాణ్ణి మొదటిసారి బోర్డు ముందు హాజరుపరిచిన రోజు నుంచి 3 నెలల గడువు ఉంటుంది. నేను కనీసం రెండుసార్లు వెళ్తాను, మధ్యలో వారం ఎడం పెట్టి. అన్నం తిన్నాక వెళ్తాను, బల్లకు అవతల కాకుండా పక్కన కూర్చుంటాను. మొదటిరోజు టెన్షన్‌లో ‘ఎర్కలేదు’ అన్నవాడు రెండోసారి కథలు చెప్పిన సందర్భాలున్నాయి.

పరీక్షల గురించి ఇప్పటికి ఒక్క మాటే. ముగ్గురు ఈ 17 ఏళ్ళ అబ్బాయికి మాలిన్స్ ఇంటెలిజెన్స్ స్కేల్ అనే ఐక్యూ పరీక్ష వేశారు. అది 15 ఏళ్ళ 11 నెలల దాకే. మాన్యువల్ మొదటి పేజీలు తెరవండి.

అభ్యాసం. మీ వాడకట్టులో 16, 17 ఏళ్ళ పిల్లలు ముగ్గురిని ఎంచుకోండి. వాళ్ళనూ, ఇంట్లోవాళ్ళనూ అడిగి ఒప్పించాకే కూర్చోండి. ఒక్కొక్కరితో 20 నిమిషాలు గిరాకీ బండి కథ, దోస్తులు లేకుండా ఒకసారి, దోస్తులతో ఒకసారి. ప్రతి మాటా, ప్రతి మౌనం ఎన్ని సెకన్లో సహా, చేత్తో రాయాలి. పేర్లు వద్దు. తర్వాత పోయినసారి రిపోర్టు తీసి, ‘తెలుసు’ అనే మాట ఎక్కడా రాకుండా తిరగరాయండి. కష్టంగా ఉంటుంది. నాకు మొదటిసారి రెండు ఆదివారాలు పట్టింది.