అమెరికా విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ ఫ్యాకల్టీ ఉద్యోగం: ఆఫర్ లెటర్‌పై సంతకానికి ముందు చూసుకోవలసినవి

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ముగింపుకు వచ్చిన మనవాళ్లకు అమెరికాలోని ఏదైనా విశ్వవిద్యాలయం నుంచి రీసెర్చ్ అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదాతో ఆఫర్ లెటర్ అందితే, ముందుగా ఇంటికి ఫోన్ చేసి "ప్రొఫెసర్‌నయ్యాను" అని చెప్పాలనిపించడం సహజం. నేనూ ఆ సంతోషంలోనే మొదటి పేజీలోని హోదా, జీతం చూసి సంతకం పెట్టేశాను. "ఈ నియామకం బయటి నిధుల లభ్యతకు లోబడి ఉంటుంది" అన్న వాక్యం రెండో పేజీ చివర ఉన్నదని, మా గ్రాంటు ఆగిపోయిన ఏడాది డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కూర్చొని చదివినప్పుడు గాని నాకు తెలియలేదు. కాబట్టి ఈ పత్రాన్ని ఎటునుంచి చదవడం మొదలుపెట్టాలో వివరంగా చెబుతాను.

హోదా పేరు దగ్గర ఎక్కువసేపు ఆగవద్దు. అది టెన్యూర్ ట్రాక్ ఉద్యోగమా, అంటే ప్రొబేషన్ తర్వాత టెన్యూర్‌కు (శాశ్వత నియామకానికి) దారితీసేదా కాదా అన్నది మాత్రం తేల్చుకోండి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ 1940లో వెలువరించిన ప్రకటన ప్రకారం ప్రొబేషన్ కాలం ఏడేళ్లకు మించకూడదు. ఆలోగా టెన్యూర్ ఇవ్వాలో వద్దో విశ్వవిద్యాలయం తేల్చాలి. పేరుకు ముందు "రీసెర్చ్" ఉన్న ప్రొఫెసర్ పదవులు సాధారణంగా ఈ దారికి బయటే ఉంటాయి. ఏడాదికో, రెండు మూడేళ్లకో నియమించి, గడువు తీరాక పొడిగిస్తూ పోతారు.

ఆ తర్వాత చూడవలసింది జీతం మొత్తం కాదు, అది ఎవరి ఖాతా నుంచి వస్తుందన్నది. విశ్వవిద్యాలయం తన సొంత బడ్జెట్ నుంచి ఇచ్చేదాన్ని అక్కడ హార్డ్ మనీ అని, గ్రాంట్ల నుంచి వచ్చేదాన్ని సాఫ్ట్ మనీ అని అంటారు. మీ జీతంలో ఏది ఎంత శాతమో, గ్రాంటుకు గ్రాంటుకు మధ్య ఖాళీ వస్తే కొన్ని నెలలపాటు విభాగం ఆదుకుంటుందా, ఆదుకుంటే ఎన్ని నెలలో అడిగి తెలుసుకోండి. ఈ బ్రిడ్జ్ ఫండింగ్ గురించి విభాగాధిపతి ఫోన్‌లో ఎంత ఆప్యాయంగా హామీ ఇచ్చినా, పత్రంలోకి ఎక్కనంతవరకు అది నీటిమూటే. మీ జీతానికి మీరే గ్రాంటు తెచ్చుకోవాలంటే ముందు మీకు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌గా (ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడిగా) దరఖాస్తు చేసే అర్హత ఉండాలి; కొన్ని చోట్ల రీసెర్చ్ ఫ్యాకల్టీకి ఆ అర్హత దానంతటది రాదు, ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అర్హత ఉన్నా పరిమితులు తప్పవు. పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన గ్రాంట్లన్నీ కలిపి ఒక పరిశోధకుడికి ఏడాదికి రెండు నెలల జీతానికి మించి మామూలుగా ఇవ్వదు. అంతకు మించి కావాలంటే బడ్జెట్‌లో కారణం చూపి ఒప్పించుకోవాలి. తొమ్మిది నెలల జీతం విశ్వవిద్యాలయం నుంచి అందుకునేవారికి వేసవిలో ఈ రెండు నెలలు కలిసొస్తాయి గాని, పన్నెండు నెలలూ సాఫ్ట్ మనీ మీదే బతకవలసినవారు ఈ ఒక్క సంస్థను నమ్ముకుంటే ఇల్లు గడవదు.

పొడిగింపు లేదని ఎంత ముందుగా చెబుతారన్నది నోటీసు నిబంధనలో ఉంటుంది. పైన చెప్పిన అసోసియేషన్ 1964లో సూచించిన ప్రమాణాల ప్రకారం మొదటి విద్యాసంవత్సరంలో మార్చి 1లోపు, రెండో ఏడాదిలో డిసెంబరు 15లోపు, రెండేళ్లు దాటినవారికి కనీసం పన్నెండు నెలల ముందు తెలియజేయాలి. అవి చట్టం కావు. రీసెర్చ్ ఫ్యాకల్టీకి అంతకంటే తక్కువ గడువు రాసే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కాబట్టి, ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్ తెరిచి మీ హోదాకు వర్తించే పేరా ఏదో వెతికి చదవండి.

మన దేశం నుంచి వెళ్లినవారికి ఈ నిబంధనలన్నీ వీసాతో ముడిపడి ఉంటాయి. విశ్వవిద్యాలయాల ద్వారా వచ్చే హెచ్-1బీ ఉద్యోగ వీసాకు ఏటా 85,000 వీసాల పరిమితి వర్తించదు, లాటరీ బెడద లేదు. కానీ అక్కడినుంచి ప్రైవేటు కంపెనీకి మారాలంటే, అంతకుముందు ఆ పరిమితిలో లెక్కకు రానివారు లాటరీకి వెళ్లవలసిందే. గ్రాంటు తగ్గిందని మిమ్మల్ని సగం జీతానికి దించడం విభాగం ఇష్టం మాత్రమే కాదు. హెచ్-1బీ మీద ఉన్నవారి పనిగంటలు అలా తగ్గించాలంటే ముందుగా సవరించిన పిటిషన్ వేయాలి. గడువుకు ముందే ఉద్యోగం నుంచి తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు యజమానే భరించాలి, మరో కొలువు వెతుక్కోవడానికి మీకు గరిష్ఠంగా 60 రోజులు ఉంటాయి.

గ్రీన్‌కార్డు దగ్గర చాలామంది పొరపడుతున్నారు, అందుకే ఇది కాస్త నిదానంగా చదవండి. ఈబీ-1బీ అనే గ్రీన్‌కార్డు విభాగంలో పరిశోధకుడి తరఫున విశ్వవిద్యాలయం పిటిషన్ వేయాలంటే ఉద్యోగం "శాశ్వత" పరిశోధన పదవి కావాలి. నిబంధనల్లో ఆ మాటకు అర్థం టెన్యూర్, టెన్యూర్ ట్రాక్, లేదా తగిన కారణం లేకుండా తొలగించరన్న నమ్మకంతో గడువు లేకుండా కొనసాగే ఉద్యోగం. ఏడాది నియామకమని మాత్రమే రాసి ఉన్న పత్రం ఈ పిటిషన్‌కు పెద్ద అడ్డంకి అవుతుంది. అందుకే సంతకానికి ముందే అంతర్జాతీయ విద్వాంసుల కార్యాలయానికి పత్రం చూపించి, ఈ హోదాకు విశ్వవిద్యాలయం ఈబీ-1బీ వేస్తుందా, ఎన్నేళ్ల సర్వీసు తర్వాత వేస్తుంది అని అడగండి. వేయదని తేలితే, యజమానితో పని లేకుండా సొంతంగా వేసుకోగల ఈబీ-1ఏ, నేషనల్ ఇంటరెస్ట్ వెయివర్ దారులకు తొలి రోజు నుంచే సిద్ధపడవచ్చు.

పేటెంట్ ఒప్పందం చాలాసార్లు చేరిన రోజున కాగితాల కట్టలో కలిసి వస్తుంది. అందులోని క్రియాపదాన్ని పట్టి చూడండి. 2011లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన స్టాన్‌ఫర్డ్, రోష్ వివాదంలో ఒక పరిశోధకుడు విశ్వవిద్యాలయానికి హక్కులు "బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నాను" అని, తర్వాత ఒక కంపెనీకి "ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను" అని రాసి సంతకం పెట్టాడు. మొదటిది భవిష్యత్తుకు ఇచ్చిన మాట, రెండోది అప్పటికప్పుడే చేసిన బదిలీ అని కింది కోర్టు తేల్చింది. ఫెడరల్ నిధులతో చేసిన పరిశోధన అయినంత మాత్రాన హక్కు విశ్వవిద్యాలయానికి దానంతటదే రాదని సుప్రీంకోర్టు చెప్పింది. బయటి కంపెనీ ల్యాబ్‌కు పనిమీద వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర పెట్టే కాగితాన్ని కూడా ఇంతే శ్రద్ధగా చదవండి.

సందేహాలన్నీ ఒకే ఈమెయిల్‌లో, మర్యాదగా, ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేరాగా విభాగాధిపతికి పంపండి. గడువు దగ్గరపడితే మరో వారం కావాలని అడగడం అక్కడ తప్పుగా భావించరు. జవాబులు వచ్చాక "వీటిని చేర్చి సవరించిన పత్రం పంపగలరా" అని కోరండి, సవరణ కుదరదంటే ఆ ఈమెయిల్ జవాబులనే ప్రింటు తీసి, సంతకం చేసిన కాపీతోపాటు మీ సొంత ఫైల్లో పెట్టుకోండి. విశ్వవిద్యాలయం ఈమెయిల్ ఖాతా ఉద్యోగంతోపాటే మూతపడవచ్చు.