పెంపుడు జంతువుల అలర్జీని ఎలా గుర్తించాలి, ఇంట్లో ఎలా తగ్గించుకోవాలి?

కిటికీ దగ్గర ఎండలో కూర్చున్న పిల్లిని ఓ ఐదు నిమిషాలు గమనించండి. ముందుకాలిని నాలుకతో తడుపుకుంటుంది. ఆ తడి కాలితో చెవి వెనక నుంచి ముక్కు దాకా తుడుచుకుంటుంది. తర్వాత మెడ తిప్పి వీపంతా నాకుతుంది. ఒంటికి లాలాజలం పూత వేసుకున్నట్టే. ఆ పూత ఆరాక చర్మం మీది పొట్టుతో కలిసి సన్నటి పొడిగా రాలిపోతుంది. ఎండ పడ్డచోట గాలిలో తేలే నలుసులు కనిపిస్తాయి కదా, వాటికన్నా సన్నం. పిల్లి పడనివాళ్లకు తుమ్ములు తెప్పించేది ఆ పొడే. వెంట్రుక కాదు.

ఈ ఒక్క సంగతి తెలియక చాలా ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు బొచ్చు తక్కువ ఉన్న జాతిని వెతికి తెచ్చుకుని, ఇక భయం లేదనుకుంటారు. మరికొందరు నాలుగు తుమ్ములు రాగానే ఏళ్లుగా ఇంట్లో మనిషిలా తిరిగిన జీవిని ఎవరికో ఇచ్చేస్తారు. ఆ తర్వాత కూడా తుమ్ములు ఆగవు. మా అబ్బాయి విషయంలో మేమూ ఆ రెండో పొరపాటు అంచు దాకా వెళ్లాం. అందుకే పిల్లినో కుక్కనో పంపేసే ముందు ఏమేం చూసుకోవాలో వరసగా రాస్తున్నాను.

ముందు అసలు సంగతి తెలుసుకోండి

అలర్జీ అనే మాటను 1906లో క్లెమెన్స్ వాన్ పిర్కే అనే వైద్యుడు పుట్టించాడు. హాని చేయని పదార్థాన్ని మన రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడటమే అలర్జీ. పిల్లుల్లో ఆ పదార్థం ముఖ్యంగా ఫెల్ డి 1 అనే ప్రొటీన్. అది లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. కుక్కల్లో ముఖ్యమైనది కేన్ ఎఫ్ 1. కుందేళ్లు, హామ్‌స్టర్లు, గినీ పందుల వంటి చిన్న జంతువుల్లో లాలాజలంతో పాటు మూత్రం కూడా కారణమవుతుంది. అందుకే వాటి పంజరం శుభ్రం చేసేటప్పుడే చాలామందికి ఇబ్బంది మొదలవుతుంది.

ఈ ప్రొటీన్ పడనివాళ్ల ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై కొన్ని కణాల మీద కాపు కాస్తుంటాయి. ప్రొటీన్ మళ్లీ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి దురదపెట్టడం, దద్దుర్లు, అన్నీ దాని పనే. ఆ యాంటీబాడీలు తయారవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాబట్టి "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు, ఇప్పుడెందుకు అవుతుంది?" అనే వాదన ఇక్కడ నిలబడదు.

బొచ్చు తక్కువ జాతుల సంగతీ ఇక్కడే చెప్పుకుందాం. అలర్జీ రానివ్వని జాతి అంటూ ఏదీ లేదు. పొట్టు, లాలాజలం లేని కుక్క ఉండదు. అయితే ఒకే జాతిలోనూ ఒక్కో జంతువు వదిలే ప్రొటీన్ మోతాదు వేరుగా ఉంటుంది. వృషణాలు తీయించని మగపిల్లి ఎక్కువ వదులుతుంది. కేన్ ఎఫ్ 5 అనే మరో ప్రొటీన్ మగకుక్కల ప్రోస్టేట్ గ్రంథి నుంచి మాత్రమే వస్తుంది. దానికొక్కదానికే అలర్జీ ఉన్నవాళ్లకు మగకుక్క పడకపోయినా ఆడకుక్కతో ఇబ్బంది ఉండకపోవచ్చు.

మొదటి పని: రెండు వారాలు రాసి పెట్టండి

మా అబ్బాయికి పొద్దున లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు వచ్చేవి. పిల్లి వల్లేనని అందరం తీర్మానించేశాం. ఓ నోటు పుస్తకం తీసి రోజూ రాయడం మొదలుపెట్టాక రెండు విషయాలు బయటపడ్డాయి. పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఆడుకున్న సాయంత్రాల్లో కళ్ల దురద, ముంజేతుల మీద దద్దుర్లు. పొద్దుటి తుమ్ములు మాత్రం పిల్లి ఊసే లేని బంధువుల ఇంట్లో పడుకున్నప్పుడూ వచ్చాయి. రెండింటికీ కారణం ఒకటి కాదని అప్పుడే అనుమానం వచ్చింది.

మీరు రాయాల్సింది ఇది: ఏ లక్షణం, ఎన్ని గంటలకు, ఏ గదిలో, అంతకుముందు ఏం చేస్తున్నారు, జంతువు ఎక్కడుంది. జంతువును ముట్టుకున్న కొన్ని నిమిషాల నుంచి గంటలోపు లక్షణాలు వస్తే అనుమానం బలపడుతుంది. అది నాకిన చోట, గీరిన చోట దద్దురు లేస్తే ఇంకా బలపడుతుంది. జలుబైతే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, జ్వరం, ఒళ్లు నొప్పులు ఉండొచ్చు. అలర్జీలో దురద ముఖ్యం, జ్వరం ఉండదు.

ఇంట్లో జంతువు లేదు కాబట్టి ఇది నాకు వర్తించదు అనుకోకండి. పిల్లి ప్రొటీన్ బట్టలకు అంటుకుని మనతో పాటు ప్రయాణం చేస్తుంది. పిల్లులున్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లల బట్టల మీదుగా తరగతి గదుల్లోకీ చేరుతుంది.

అలర్జీలా కనిపించి అలర్జీ కానివి కూడా ఉన్నాయి. చర్మం మీద గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసులు కట్టిన మచ్చ తామర కావచ్చు. అది జంతువు నుంచి అంటుకునే ఫంగస్ వల్ల వస్తుంది. చీలమండల దగ్గర చిన్న చిన్న ఎర్రటి పొక్కులైతే జంతువు ఒంటి మీది ఫ్లీలు అనే చిన్న పురుగులు కుట్టినవి కావచ్చు.

రెండో పని: పరీక్షతో తేల్చుకోండి

స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటే భయపడాల్సిందేమీ లేదు. ముంజేతి మీద అలర్జీ తెప్పించే పదార్థాల ద్రావణాలను వరసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క మీద సన్నటి మొనతో చిన్నగా గుచ్చుతారు. రక్తం రాదు. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, దోమ కుట్టినట్టు ఎక్కడ ఉబ్బిందో చూసి కొలుస్తారు. ఆ పదార్థాలేవీ లేని మామూలు ద్రావణం పెట్టిన చోటికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్ అన్నమాట. యాంటీహిస్టమిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు దాదాపు వారం ముందే ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. ఏవి ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ను అడిగే ఆపండి. చర్మవ్యాధి ఉన్నవాళ్లకు, మందు ఆపలేనివాళ్లకు రక్తంలో ఐజీఈ చూస్తారు.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. లక్షణాలేవీ లేకుండా పాజిటివ్ వచ్చేవాళ్లు బోలెడుమంది. మీ నోటు పుస్తకమూ పరీక్షా ఒకే మాట చెప్పాలి. మా అబ్బాయికి పిల్లితో పాటు, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ అనే కంటికి ఆనని పురుగులు కూడా పడవని తేలింది. పిల్లిని పంపేసి ఉంటే పొద్దుటి తుమ్ములు అలాగే ఉండిపోయేవి.

మూడో పని: పడకగదిని కాపాడుకోండి

ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. రోజులో ఏడెనిమిది గంటలు మనం గడిపేది అక్కడే, అదీ దిండుకు ముక్కు ఆనించి. జంతువును ఆ గదిలోకి అస్సలు రానివ్వకూడదు, పగలు కూడా. రాత్రి బయట పడుకోబెట్టి, పగలు మంచం మీద నిద్రపోనిస్తే ఏం లాభం? తలుపు మూసే ఉంచాలి. మా పిల్లి మొదటి వారం రాత్రిళ్లు తలుపు గీరుతూ ఏడ్చింది. అబ్బాయి కూడా ఏడ్చాడు. హాల్లో కిటికీ కింద దానికి మెత్తటి పక్క వేసి, పడుకునే ముందు పావుగంట అక్కడే ఆడించడం అలవాటు చేశాక రెండు వారాల్లో కుదురుకుంది.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతకండి. పిల్లి ప్రొటీన్ మామూలు ఉతుకుకే చాలావరకు పోతుంది. డస్ట్ మైట్స్ కూడా చావాలంటే 60 డిగ్రీల వేడినీళ్లు కావాలి. పరుపుకీ దిండుకీ సన్నటి నేత ఉన్న జిప్పు కవర్లు తొడగండి. జంతువును ఎత్తుకున్న బట్టలతో మంచం ఎక్కవద్దు.

ఆ తర్వాత మిగతా ఇల్లు. తివాచీలు తీసేయగలిగితే తీసేయండి, నున్నటి నేలతో పోలిస్తే అవి ఎన్నో రెట్లు ఎక్కువ ప్రొటీన్‌ను పట్టి ఉంచుతాయి. పొడి చీపురు దుమ్ము లేపుతుంది కాబట్టి తడిగుడ్డ వాడండి. గాలి శుద్ధి చేసే యంత్రం కొంటే హెపా ఫిల్టర్ ఉన్నదే చూడండి. 0.3 మైక్రాన్ల నలుసుల్లో 99.97 శాతాన్ని పట్టేదాన్నే హెపా అంటారు. యంత్రం గాలిలో తేలేదాన్నే పడుతుంది, సోఫాలో దిగినదాన్ని కాదు.

కుక్కకు వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే కొంత మేలు. దాని చర్మం ఎండిపోకుండా ఏ షాంపూ వాడాలో పశువైద్యుణ్ని అడగండి. పిల్లిని కడగడం వల్ల ఒరిగేది తక్కువ, వారం తిరక్కుండా ప్రొటీన్ మళ్లీ అంతే పేరుకుంటుంది. దాన్ని ఏడిపించడం ఎందుకు! దువ్వడం, పిల్లి మట్టిపెట్టె శుభ్రం చేయడం వంటివి అలర్జీ లేనివాళ్లు చేయాలి, దువ్వడం ఆరుబయటే. ఫెల్ డి 1ను కట్టేసే కోడిగుడ్డు యాంటీబాడీలు కలిపిన పిల్లి ఆహారం కూడా ఇప్పుడు దొరుకుతోంది. మూడు వారాలు పెట్టాక వెంట్రుకల మీద చురుకైన ప్రొటీన్ సగటున సగం దాకా తగ్గుతుంది. పూర్తిగా పోదు.

నాలుగో పని: మందులు సరిగ్గా వాడండి

సెటిరిజిన్, లోరాటడిన్ వంటి మాత్రలు తుమ్ములకు, దురదకు బాగా పనిచేస్తాయి. సెటిరిజిన్‌తో కొందరికి మగత వస్తుంది, అలాంటప్పుడు బండి నడపకూడదు. ముక్కు దిబ్బడకు మాత్రల కన్నా ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు మెరుగు. అయితే ఒక్కరోజులో గుణం కనిపించదు. రోజూ వాడితే వారం రెండు వారాలకు పూర్తి ఫలితం వస్తుంది. చాలామంది మూడు రోజులకే పనిచేయడం లేదని పక్కన పడేస్తారు.

స్ప్రే కొట్టే తీరు కూడా ముఖ్యం. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ ముక్కులోకి కుడిచేత్తో, కుడి ముక్కులోకి ఎడమచేత్తో కొట్టండి. మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా కంటి బయటి మూల వైపు చూడాలి. మధ్య గోడకు తగులుతుంటే అక్కడ పుండుపడి నెత్తురు వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగబీల్చకండి, మందు గొంతులోకి పోతుంది.

ఇవేవీ చాలకపోతే ఇమ్యునోథెరపీ ఉంది. పడని ప్రొటీన్‌నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, అలర్జీ నిపుణుల దగ్గరే చేయించుకోవాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఛాతీలో ఈల వేసినట్టు వచ్చే శబ్దాన్ని మనం పిల్లికూతలు అంటాం. అవి వినిపించినా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తున్నా, ఛాతీ పట్టేసినట్టున్నా అది ముక్కు దాటి ఊపిరితిత్తుల దాకా వచ్చిన ఉబ్బసం కావచ్చు. ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా డాక్టర్‌కు చూపించండి. ఒక వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పావురాలు, చిలకలు పెంచేవాళ్లకు ఇంకో మాట. వాటి రెట్టల పొడి, ఈకల ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు వేరే జబ్బు. పంజరం శుభ్రం చేసిన కొన్ని గంటలకు జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. పట్టించుకోకపోతే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడొచ్చు. ఇక్కడ మాత్రం సర్దుకుపోవడం కుదరదు, పక్షులకు దూరం కావాల్సిందే.

పంపేయక తప్పకపోతే

అన్నీ చేసి చూశాక కూడా ఉబ్బసం అదుపులోకి రాకపోతే జంతువును వేరే ఇంటికి ఇవ్వడమే సరైన పని. అందులో తప్పులేదు. వీధిలో వదిలేయకుండా, దాన్ని బాగా చూసుకునేవాళ్లను వెతికి ఇవ్వండి. పంపిన మర్నాటికే తగ్గుతుందని మాత్రం ఎదురుచూడకండి. సోఫాలో, పరుపులో, కర్టెన్లలో దిగిన పిల్లి ప్రొటీన్ తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా మందులు ఆపవద్దు. కర్టెన్లు ఉతికి, గోడలు తడిగుడ్డతో తుడిచి, పాత పరుపు మార్చగలిగితే మార్చండి.