అతిమధురం గ్లిజరిన్ సారం: అదనపు తడి తగలకుండా తీయడం ఎలా?

ముఖం మీద మంట, ఎరుపు, మచ్చలు తగ్గడానికి రాసుకునే సారం ఇది. కావాల్సినవి: అతిమధురం వేరు 20 గ్రాములు, మందుల షాపులో దొరికే ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) గ్రేడ్ గ్లిజరిన్ 75 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 25 గ్రాములు, మూత బిగుతుగా పట్టే రెండు గాజు సీసాలు, పలచటి నూలు గుడ్డ. మూలికల కొట్లో పొడి చేతిలో పెడతారు, తీసుకోకండి. పొడి గుడ్డలోంచి జారి అడుగున బురదలా పేరుకుంటుంది. పైగా గురివింద వేరును అతిమధురం పేరుతో అంటగట్టడం కొత్తేమీ కాదు, పొడిలో కలిపితే కనిపెట్టలేం. ముక్కలే కొని కచ్చాపచ్చాగా దంచుకోండి.

అన్నీ తూకం వేసుకోండి. గ్లిజరిన్ బరువు ఎక్కువ, 100 మి.లీ. 126 గ్రాములు తూగుతుంది. చెంచాలతో కొలిస్తే పాళ్లు తప్పుతాయి.

గ్లిజరిన్, నీళ్లు కలిపి ఒక సీసాలో వేసిన వేరు మీద పోసి, చీకటి అలమరలో మూడు వారాలు ఉంచండి. రోజూ కుదపాలి. పైకి తేలిన ముక్కకే ముందు బూజు పడుతుంది.

ఇక వడకట్టడం. నూటికి తొంభై మంది చెడగొట్టుకునేది ఇక్కడే. గుడ్డ ఉతికి, ఇంకా చెమ్మగా ఉండగానే వాడతారు. వేరు పిప్పిలో సారం మిగిలిపోయిందని కాసిన్ని నీళ్లు పోసి మళ్లీ పిండుతారు. ఇంట్లో తీసిన ఈ సారాన్ని కాపాడేది అందులోని గ్లిజరిన్ పాలే. అది సగానికి దిగితే సూక్ష్మజీవులకు విందు పెట్టినట్టే. గుడ్డను, రెండో సీసాను నీళ్లలో మరిగించి, ఎండలో పూర్తిగా ఆరాకే ముట్టుకోండి. పిప్పిలో ఉన్నది పోతే పోనివ్వండి.

వాసన కోసం సీసాలో రోజ్ వాటర్ కలపడం కూడా ఇదే తప్పు. కలపాలనుంటే ఆ పూటకు సరిపడా అరచేతిలోనే కలుపుకోండి. వేరును నీళ్లలో మరిగించి కషాయాన్ని నెలంతా ఫ్రిజ్‌లో దాచుకునేవాళ్లకైతే ఏం చెప్పాలి? అది మూడు రోజులు కూడా నమ్మదగింది కాదు. నిమ్మరసం అసలే వద్దు. అది పూసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకునేది అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం, అది నీళ్లలో కరగదు. కాబట్టి ఈ పద్ధతిలో వచ్చేది తక్కువే. వేరులోనే ఉండే, మంట, ఎరుపు తగ్గించే గ్లైసిరైజిన్ మాత్రం బాగానే దిగుతుంది. మచ్చలు పలచబడాలంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ఒంటి రంగు మారుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

ముందు మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడండి. దురద, దద్దుర్లు లేకపోతే నాలుగైదు చుక్కలు నీళ్లలో కలిపి తడి ముఖానికి రాయండి. చిక్కగా రాస్తే జిగురే మిగులుతుంది. సీసా మీద తేదీ రాసి ఆరు నెలల్లో వాడేయండి. ఈలోపు నురగ లేచినా, పులిసిన వాసన వచ్చినా పారబోయండి.