రెండో బిడ్డకి పేరా? ముందు వీధి గుమ్మంలో నిలబడి పిలిచి చూడండి

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. నేను సత్యవతి, నా తర్వాతది సత్యవేణి, ఆఖరిది సత్యశ్రీ. మాది సామర్లకోట. పుట్టిన ప్రతి బిడ్డకీ అన్నవరం సత్యదేవుడి పేరే పెడతానని మా నాయనమ్మ మొక్కుకుంది. మొక్కు బాగానే తీరింది. తిప్పలు మాకు మిగిలాయి. తాయిలానికి "సత్యా" అని పిలిస్తే ముగ్గురం పరిగెత్తేవాళ్ళం, పనికి పిలిస్తే ఒక్కరం పలికేవాళ్ళం కాదు. చివరికి ఇంట్లో పెద్దది, నడిపిది, బుజ్జి అయిపోయాం. నడిపిదాని టెన్త్ సర్టిఫికెట్ మీద నా పుట్టినరోజు పడింది. ఇంటిపేరు ఒకటే, ఇనిషియల్ ఒకటే, పేరులో సగం ఒకటే. రాసినవాళ్ళని మాత్రం ఏమంటాం? దాన్ని దిద్దించడానికి నాన్నగారు ఏడాది తిరిగారు.

పెద్దయ్యాక నేను ఎలిమెంటరీ స్కూల్లో 30 ఏళ్ళు హాజరు పిలిచాను. ఏ ఇంటి పిల్లల పేర్లు కలిసొస్తాయో, ఏవి ఒకదాన్నొకటి మింగేస్తాయో ఆ పట్టీయే నేర్పింది. మొన్న మా అమ్మాయికి రెండో కాన్పు. అన్విత తర్వాత బాబు పుట్టాడు. పేరు కోసం ఇంట్లో జరిగిన రభస చూశాక, తెలిసింది రాసిపెడదామనిపించింది.

మొదటి పని: పెద్దబిడ్డ సర్టిఫికెట్ పేరు కాదు, ఇంట్లో ఏమని పిలుస్తున్నారో చూసుకోండి. రెండో పేరు పోటీ పడేది దానితోనే. అన్విత మా ఇంట్లో 'అన్వీ'. అందుకని చెల్లెలు పుడితే తన్వి అని అమ్మాయి ముందే అనుకుంది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. పుట్టింది బాబు కాబట్టి 'అన్విత్' అంది. నేను వాదించలేదు. వీధి గుమ్మంలో నిలబడి గట్టిగా పిలవమన్నాను.

తెలుగులో కేక వేసేటప్పుడు పేరు చివర సాగుతుంది. రవి రవీ అవుతాడు, రాజు రాజూ అవుతాడు. హల్లుతో ఆగే కొత్త పేర్లకి మన నోరు ఒక ఉకారం తగిలిస్తుంది, శ్రేయస్ శ్రేయసూ అయినట్టు. అవతలి వీధికి వినపడేది ఆ సాగిన చివరే. మొదటి అక్షరం కుక్కర్ విజిల్లోనో, టీవీ మోతలోనో కలిసిపోతుంది. అన్వితా, అన్వితూ అని పిలిస్తే ఎవరు పలకాలి? ప్రాస కుదిరిన పేర్లన్నిటితోనూ ఇదే గొడవ. మా కాలంలో హేమలత, స్వర్ణలత, శ్రీలత. ఇప్పుడు ఆద్య, ఆర్య. పేర్లు చెవికి వేరువేరుగా తగలాలంటే మొదటి అక్షరం మారితే చాలదు, చివరి అచ్చు కూడా మారాలి. వీలైతే అక్షరాల సంఖ్య కూడా. అక్కది మూడక్షరాలైతే తమ్ముడికి రెండో, నాలుగో.

అలాగని మరీ తేడా కూడా వద్దు. ఒకరిది 'వెంకట సత్య నాగ మణిదీపిక', ఇంకొకరిది 'ఇషా' అనుకోండి. రెండోది బడికొచ్చే వయసుకి "నాకెందుకు ఇంత చిన్న పేరు" అని అడుగుతుంది. నన్ను అడిగినవాళ్ళున్నారు. పెద్ద పేరున్న పిల్లకి ఫారంలో గళ్ళు చాలక ఏడుపు, అది వేరే కథ.

ఇక మొక్కు పేర్లు. మన దగ్గర ఏ దేవుడి నీడన ఉంటే ఆ పేరు ఇంటిల్లిపాదికీ వస్తుంది. తిరుపతికి వెంకట, మోపిదేవికి నాగ, సింహాచలానికి అప్పల. తెలంగాణలో వేములవాడ రాజన్న, కొమురవెల్లి మల్లన్న పేర్లు అలాగే వస్తాయి. మొక్కుకున్నాక మానలేం, మానమని నేను చెప్పను. ఆ మాటని వెనక్కి జరపండి. 'సత్య కీర్తన', 'సత్య కిరణ్' అని రాస్తే బడిలో ఇద్దరూ సత్యలే. 'కీర్తన సత్య', 'కిరణ్ సత్య' అంటే దేవుడూ ఉన్నాడు, పిల్లలూ ఉన్నారు. (నిజానికి కీర్తన, కిరణ్ కూడా నాకు మరీ దగ్గరే. ఒకరిని మార్చమంటాను.)

ఒకే వరసలో పెట్టాలన్న సరదా ఉంటే ఆ వరస ఎంతదాకా సాగుతుందో ముందే చూసుకోండి. నదులైతే గంగ, యమున తర్వాత సరస్వతి ఉంది, గోదావరి ఉంది. రాగాలైతే కల్యాణి, మోహన, రంజని దాకా హాయి. తర్వాత పుట్టినదాన్ని ముఖారి అంటారా? పుట్టగానే ఏడుపు రాగం తీసిందంటారు. కవలలకి లవకుశలు పెడితే అది ఒక్క పేరైపోతుంది. నా తరగతిలో అలాంటి జంట ఒకటుండేది. ఒకడికి జ్వరమొచ్చి రాకపోతే పక్కన కూర్చున్న రెండోవాడికి కూడా ఆబ్సెంట్ వేశాను. వాడు సాయంత్రం దాకా నోరెత్తలేదు.

అన్నాచెల్లెళ్ళకి, అక్కాతమ్ముళ్ళకి పెట్టేటప్పుడు పురాణం ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇప్పటి పిల్లలు అర్థం చూస్తారు కానీ కథ చూడరు. చంద్ర, రోహిణి. సూర్య, ఛాయ. అనిరుధ్, ఉష. విడివిడిగా అన్నీ చక్కని పేర్లే, కానీ ఇవన్నీ భార్యాభర్తల జంటలు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే బారసాల రోజునే ముక్కు మీద వేలేసుకుంటారు. తోబుట్టువుల జంటే కావాలంటే కృష్ణుడు, సుభద్ర ఉన్నారు. అన్నదమ్ములకి కర్ణ, అర్జున్ అని పెట్టేవాళ్ళని చూశాను. వాళ్ళు అన్నదమ్ములే, కాదనను. కథ చివర్లో ఏం జరిగిందో కూడా తెలుసు కదా. వాలి సుగ్రీవుల పేర్లు ఎవరూ పెట్టరు, కర్ణుడి దగ్గరికొచ్చేసరికి జాలి అడ్డం పడుతుంది.

అర్థంలోనూ ఒక చిక్కుంది. ఆద్య అంటే మొదటిది, రెండో పిల్లకి పెడితే పెద్దదానికి కోపం రాదా? అనుజ్ అంటే తమ్ముడు. పుట్టినప్పుడు బాగానే ఉంటుంది, వాడికి 50 ఏళ్ళొచ్చినా తమ్ముడుగానే మిగులుతాడు. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టినదానికి 'ఇక చాలు' అనే అర్థమొచ్చే పేరు పెట్టడం మా తరంలో చూశాను. అలాంటి పేరున్న పిల్ల నా క్లాసులో అర్థం తెలుసుకున్న రోజు నాకింకా గుర్తుంది. ఎంత ముద్దుగా వినిపించినా ఆ పని చేయకండి.

నక్షత్రం మాటకొద్దాం. అన్వితది కృత్తిక ఒకటో పాదం, అక్షరం 'ఆ'. అల్లుడుగారి ఇష్టం కొద్దీ దాన్ని 'అ' చేసుకున్నారు. బాబుది మృగశిర మూడో పాదం, 'కా'. మృగశిరకి వే, వో, కా, కీ. పాదం పట్టుకు వేలాడాలా, నాలుగింటిలో ఏదైనా సరేనా అన్నది మీ ఇంటి పద్ధతి. పిల్లలిద్దరికీ ఒకే అక్షరం వస్తే కంగారు వద్దు. జన్మనామం చెవిలో చెప్పి, బియ్యంలో రాసి, వాడుక పేరు వేరే పెట్టుకోవడం మనకి కొత్త కాదు. ఆరుద్రలో 'ఙ', హస్తలో 'ణ' వస్తాయి. ఆ అక్షరాలతో ఎవరు పెట్టగలిగారు? అక్కడెలా సర్దుకుంటారో ఇక్కడా అంతే.

ఆస్పత్రిలో ఫారం నింపమన్నారని ఆ రాత్రే పేరు తేల్చేసి టెన్షన్ పడేవాళ్ళున్నారు. జననం నమోదు 21 రోజుల్లో జరగాలి, నిజమే. పేరు లేకుండా కూడా నమోదవుతుంది. ఏడాది లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. కానీ చేర్పించాక మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్టే.

అక్కడ పెద్దబిడ్డ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని చూసి రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా, నాన్న పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఏమిటి, ఇద్దరికీ ఒకేలా ఉండాలి. ఒకరికి శ్రీ చివర ఒక 'ఐ', ఇంకొకరికి రెండు 'ఈ'లు ఉన్న తోబుట్టువులు నా రిజిస్టర్లోనే బోలెడు మంది. అమెరికా వీసా దాకా వెళ్ళాక ఇవి ముల్లులా గుచ్చుకుంటాయి. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోతే, వీసా మీద మొదటి పేరు దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' అని వస్తుంది. అంటే మొదటి పేరు తెలియదని. అక్క సరైన పేరుతో, తమ్ముడు ఎఫ్‌ఎన్‌యూగా విమానం ఎక్కితే ఏం బాగుంటుంది?

చివరగా, ఇంట్లో పెద్దబిడ్డ నోరు తిరగాలి. ఇది ఎవరూ ఆలోచించరు. తమ్ముడి పేరుని రోజుకి వందసార్లు పలికేది ఆ పిల్లే, దాని నోట్లో పేరు ఎలా వంకర తిరిగితే ముద్దుపేరు అదే అవుతుంది.

మా ఇంట్లో క్యాలెండర్ వెనక రాసుకున్నవి మూడు: కార్తీక్, కార్తికేయ, కాశ్యప్. "వదినగారూ, కార్తికేయ బావుంటుంది, మా ఇలవేల్పు" అన్నారు వియ్యపురాలు. తీసేయదగ్గ పేరు కాదు, కానీ పక్క ఫ్లాట్లోనే ఒకడున్నాడు. నేను బాల్కనీలో నిలబడి "అన్వితా, కాశ్యపూ" అని రెండుసార్లు కేకేశాను. కింద వాచ్‌మన్ తలెత్తి చూశాడు. రెండు పేర్లూ విడివిడిగా వినిపించాయట.

21వ రోజున పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో కాశ్యప్ అని రాశాడు అల్లుడు. అన్వితకి నాలుగో ఏడు, శకారం ఇంకా పలకదు. అందరి ముందూ తమ్ముణ్ణి "కాచప్పూ" అంది. కచ్ఛపం అంటే తాబేలు కదా అని మా ఆయన పడీపడీ నవ్వారు. సంస్కృతంలో కశ్యప అన్నా తాబేలే అని పురోహితులు ఊరడించారు. వాడిప్పుడు ఇంట్లో తాబేలే. పిలిస్తే ఒక్కడే పలుకుతున్నాడు.